పచ్చ తలుపు ముందు వరస

క్యూ కదలడం లేదు. కదిలినట్టే అనిపిస్తుంది, ముందున్న పిల్ల సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకోగానే నేను ఆశపడి ఒక కాలు పైమెట్టు మీద పెడతాను, పెట్టిన కాలు అక్కడే ఉండిపోతుంది, రెండోది కింద మెట్టు మీద, మధ్యలో నేను, మేకుకి తగిలించిన గొడుగులాగా. ఎండ నడినెత్తి మీద ఉంది. ఎడమవైపు ఎవరిదో ఇంటి ప్రహరీ, దాని మీద ఆరేసిన, కాళ్ళు తుడుచుకునే పట్టాలు. కుడివైపు ఇనుప కమ్మీ, ముట్టుకుంటే చుర్రుమంటోంది. పైన, మెట్లన్నీ అయిపోయిన చోట, ఒక పచ్చ తలుపు. అంతే, తలుపు. దాన్ని చూడ్డానికి విమానమెక్కి సముద్రాలు దాటి వచ్చాం, నేనూ మా అత్తయ్యా. అత్తయ్య అంటే మూడేళ్ళ కిందటి వరకూ అత్తయ్య. ఇప్పుడేం వరసో నాకు తెలీదు. ఆవిడ కొడుక్కీ నాకూ విడాకులైపోయాయి, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడకి కొత్త కోడలు వచ్చింది. పాత కోడలు పాత అత్తగారిని ఏమని పిలవాలో మనకెవరూ నేర్పలేదు. హోటల్లో గది తాళం ఇస్తూ గుమాస్తా మీ అమ్మగారా అని అడిగితే, అవునూ కాదూ రెండూ కాకుండా ఒక రకంగా తలూపాను, ఆ ఊపుకి మెడ పట్టేసింది, ఇంకా వదల్లేదు.

నాకంటే రెండు మెట్లు పైన నిలబడి ఉంది ఆవిడ. తెల్ల కాన్వాసు బూట్లు, నెత్తిన ఎవరో పాటలు పాడే కుర్రాళ్ళ గుంపు పేరు కుట్టిన టోపీ, మెళ్ళో నీళ్ళ సీసా. అలుపు లేదు, ఆయాసం లేదు, మోకాళ్ళ నొప్పుల గురించి ఇంటి దగ్గర చెప్పిన కబుర్లన్నీ విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చినట్టుంది. ముందున్న ఆడపిల్లలతో మాట్లాడుతోంది, వాళ్ళ భాషలో. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఊరికీ ఊరికీ మధ్య గొంతులు కలిపిన మనిషి, ఏ భాషైనా చెవిన పడితే చాలు, గొంతుతో సహా పట్టేస్తుంది. కాకపోతే ఈ భాష నేర్చుకున్నది కొరియన్ సీరియళ్ళలో. సీరియళ్ళలో ఎవరూ ఉల్లిపాయలు కిలో ఎంత అని అడగరు. కాబట్టి ఆవిడకి వచ్చినవి, నీ మొహం నాకు చూపించకు, ఆ బిడ్డకి తండ్రెవరో చెప్పు, నా ఆస్తిలో నీకు చిల్లిగవ్వ కూడా రాదు, ఇలాంటివి. నిన్న బస్సు ఆలస్యమైందని, ఎక్కుతూ ఎక్కుతూ డ్రైవరుతో తీయగా, ఇన్నేళ్ళూ నీకోసమే బతికున్నాను అంది. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు, బస్సంతా నవ్వింది, నేను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఈవిడెవరో నాకు తెలీదన్నట్టు కూర్చున్నాను. తెలీదనే అనాలి కదా, చట్టప్రకారం.

వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. మొదటిరోజు డాన్సు క్లాసు. మాలాంటి పరాయి దేశం వాళ్ళకి పాటల కుర్రాళ్ళు వేసే స్టెప్పులు నేర్పుతారట. చుట్టూ అద్దాల గోడలు, వెనక వరసలో నేను, అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకి తిరిగి పక్కావిడ ముక్కుకి మోచెయ్యి తగిలించాను, ఇక తిరగనని గోడకి ఆనుకున్నాను. అత్తయ్య ముందు వరసలో చేతులు ఊపుతూనే ఉంది, తప్పు ఊపినా సమయానికి ఊపింది, మాస్టారు చప్పట్లు కొట్టాడు. తర్వాత మొహానికి అంటించుకునే కాగితాల షాపు. ఆవిడ ఒకటి అంటించుకుని హోటల్ మంచం మీద వెల్లకిలా పడుకుంటే నేను స్నానం చేసి వచ్చి చూసి కెవ్వుమన్నాను. తర్వాత ఒక కాఫీ హోటలు, అక్కడ అట్టతో చేసిన నిలువెత్తు హీరో, వాడి భుజం మీద చెయ్యేసి ఫోటో తీయమంది. తీశాను. కళ్ళు మూసుకున్నానంది. మళ్ళీ తీశాను. వాడు నవ్వలేదంది. అట్టముక్క ఎలా నవ్వుతాడండీ అన్నాను. నా ఓపికని ఎవరైనా ఒక యంత్రం పెట్టి కొలిస్తే బాగుండు, మా షాపులో కంటి పవరు కొలిచినట్టు. నాది కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. ఈ క్యూలో నిలబడ్డ పిల్లల్లో సగం మంది కళ్ళద్దాలు పెట్టుకున్నారు, అందులో సగం వాటికి అద్దాలే లేవు, ఉత్త ఫ్రేములు, వేలు పెట్టి కన్ను నులుముకుంటున్నారు ఫ్రేములోంచి. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంత దూరం వచ్చి కూడా నేను చూస్తున్నది కళ్ళద్దాలే, అది ఇంకా మండిపోతోంది.

ఆ తలుపు సంగతి చెప్పాలి. అది సీరియల్లో ఇస్త్రీ షాపు తలుపు. షాపు నడిపే పిల్ల కథానాయిక, గతం మర్చిపోయిన పెద్దింటి అబ్బాయి రోజూ అదే చొక్కా ఇస్త్రీకి తెస్తాడు, రోజూ ఆ పిల్ల తన పేరు మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకుంటుంది. ఒకరోజు ఆ అబ్బాయి తల్లి ఈ మెట్లన్నీ ఎక్కొచ్చి, ఇదే తలుపు ముందు నిలబడి, ఆ పిల్లని నానా మాటలూ అంటుంది. ఆ పోట్లాట ఈ జనానికి ప్రాణం. పైకి చేరినవాళ్ళు ఒకరు తల్లీ, ఒకరు పిల్లా అయిపోయి, ఆ నాలుగు ముక్కలూ అరుచుకుని, ఫోటో తీయించుకుని దిగిపోతున్నారు. మెళ్ళో ఈల వేసుకున్న ఒకావిడ, నడివయసు, పెద్ద నల్ల కళ్ళజోడు, టైము అయిపోగానే ఈల ఊదుతుంది, ఊదగానే దిగాలి. అత్తయ్యకి ఆ తల్లి పాత్ర డైలాగులన్నీ వచ్చు. ఇస్త్రీ పిల్ల డైలాగులు మాత్రం రావు. ఎలా వస్తాయి, అవి ఆవిడ విన్నది నా గొంతులో కదా. తెర కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు ఆవిడ అందుకోలేకపోయేది, నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆదివారం మధ్యాహ్నాలు, సోఫాలో పక్కపక్కన, ఆవిడ కాళ్ళు ముడుచుకుని, నేను కాళ్ళు చాపుకుని. ఇస్త్రీ పిల్ల ఏడిస్తే నేనే గొంతు తగ్గించేదాన్ని, పెద్దావిడ అరిస్తే ఆవిడే వాళ్ళ భాషలో అందుకునేది. గదిలో ఆయన ఉండేవాడు, తలుపు వేసుకుని.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. మాట్లాడ్డం మానేసేవాడు. కారణం ఏదైనా కావచ్చు, నేను షాపులో ఆలస్యమవడం, వాళ్ళ స్నేహితుడి ముందు ఎక్కువ నవ్వడం, కుక్కరు మూత ఎక్కడుందో తెలీకపోవడం. ఒకసారి మానేశాడంటే వారాలూ నెలలూ. ఒకే గదిలో నేనూ ఆయనా ఆవిడా కూర్చుని ఉంటే, అమ్మా, ఆవిణ్ణి ఫ్యాను తగ్గించమను అనేవాడు, అత్తయ్య నా వైపు తిరిగి, ఫ్యాను తగ్గించమంటున్నాడమ్మా అనేది, నేను, తగ్గించను, ఉక్కగా ఉందని చెప్పండి అనేదాన్ని, ఆవిడ అటు తిరిగి ఉక్కగా ఉందంటోందిరా అనేది. రిటైరయ్యాక కూడా ఎక్స్ఛేంజి ఉద్యోగం చేసింది ఇంట్లో, జీతం లేకుండా. ఎప్పుడూ తన మాట ఒక్కటి కలపలేదు, ఇటు మాట అటు, అటు మాట ఇటు. అది నాకు మొదట్లో మర్యాదగా కనిపించింది. తర్వాత తర్వాత భరించలేనిదైంది. ఆఖరికి నేను బయటికి వచ్చేస్తానన్న రోజు రెండు వైపులా పెద్దలు కూర్చున్నారు, మా నాన్న, మా పెదనాన్న, వాళ్ళ బాబాయి, ఎవరి కాఫీ వాళ్ళ ముందు చల్లారిపోతోంది. చేయి చేసుకోలేదు, తాగుడు లేదు, మాట్లాడకపోతే విడిపోతారటమ్మా అన్నాడు వాళ్ళ బాబాయి. అందరూ అత్తయ్య వైపు చూశారు. ఇంట్లో ఉన్నది ఆవిడే, అన్నీ చూసింది ఆవిడే. ఆవిడ తన చేతి గాజు ఒకటి తిప్పుకుంటూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. కొడుకు మౌనం నాకు అలవాటే, అది బండరాయి, దానికి తల కొట్టుకునీ కొట్టుకునీ ఎక్కడ తగులుతుందో తెలిసిపోయింది. ఈవిడ మౌనం మాత్రం నేను ఊహించనిది. ఆ మధ్యాహ్నాలన్నీ, ఆ సోఫా అంతా ఒట్టిదేనా అనిపించింది, మూడేళ్ళుగా అదే అనిపిస్తూ వచ్చింది.

మరి ఎందుకొచ్చావు అంటే చెప్పలేను. నెల కిందట మా షాపుకి వచ్చింది, అపాయింట్‌మెంటు తీసుకుని మరీ, నన్నే అడిగి మరీ. యంత్రం మీద గడ్డం పెట్టించాను, రెప్ప కొట్టకండి అన్నాను, కస్టమర్లందరితో అన్నట్టే. అక్షరాలు వరసగా చదువుకుంటూ వచ్చింది. చివరి వరస చదవలేక, అమ్మాయ్, ఆ మెట్లు చూడాలనుంది, నాతో వస్తావా అంది. కొత్త కోడలితో వెళ్ళండి అనబోయాను, నోటి దాకా వచ్చింది. మా అమ్మకి చెబితే నీకు మతి పోయిందా అంది. మా చెల్లెలు నవ్వి నవ్వి, పాత అత్తగారితో హనీమూనా అంది. వచ్చాను. అడగాలనే వచ్చానేమో. విమానంలో అడుగుదామనుకున్నాను, ఆవిడ బెల్టు పెట్టుకున్న మరుక్షణమే ముందు సీటు తెరలో సీరియలు పెట్టి, నువ్వు చదువు అంది. చదివాను. గొంతు ఎండిపోయేదాకా చదివాను, పక్కసీటాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

కదిలింది క్యూ. నిజంగానే కదిలింది, ఒకేసారి మూడు మెట్లు. తలుపు దగ్గరగా కనబడుతోంది ఇప్పుడు, రంగు ఊడింది, కింద మూల చెక్క ఉబ్బింది. మా ముందు పిల్లలు చెప్పారట, దాని వెనక షాపు లేదూ ఏమీ లేదూ, ఎవరో ఖాళీ డబ్బాలు పెట్టుకునే గది, లోపలి ఇస్త్రీ షాపంతా ఎక్కడో స్టూడియోలో వేసిన సెట్టు. అత్తయ్య ఈ సంగతి నాకు చాలా సంతోషంగా చెప్పింది. ఖాళీ డబ్బాల గదికా మనం ఇంతసేపు నిలబడ్డాం అన్నాను. తలుపు నిజమే కదమ్మా అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో ఆవిడ చేతిసంచీలో ఫోను మోగింది, తీసి చూసి, నాకు కొంచెం వీపు పెట్టింది. వీపు పెట్టినా వినబడుతుందని ఎక్స్ఛేంజి మనిషికి తెలీదా.

"ఆఁ, చెప్పు నాన్నా. పిన్ని వాళ్ళింట్లోనే. బాగానే ఉన్నాం. గోలా? టీవీరా, మీ పిన్నికి చెవుడు కదా, గట్టిగా పెట్టుకుంటుంది. వేసుకున్నానురా మందులు. సరే, ఉంటా మరి."

ముందు పిల్లలు పాట పాడుతున్నారు, ఆవిడ ఫోను సంచీలో పెట్టి, పాటకి తల ఊపుతూ, మామూలుగా అంది, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా, "నీతో వచ్చానని తెలిస్తే మాట్లాడ్డం మానేస్తాడు."

ఆవిడకి తెలుసు. మానేస్తాడని తెలుసు. మానేస్తే ఎలా ఉంటుందో తెలుసు. పిన్నికి చెవుడు తెప్పించి మరీ తప్పించుకోవాలనిపించేంత బాగా తెలుసు. పదకొండేళ్ళు నేను తప్పించుకోకుండా పడి ఉంటే ఆవిడ గాజు తిప్పుకుంటూ చూసింది. "ఎన్నాళ్ళు మానేస్తాడు?" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. "నీతో మానేసినన్నాళ్ళు," అంది. ఈల మోగింది. ముందు పిల్లలు దిగిపోయారు, మా వంతు వచ్చింది, ఈలావిడ రండి రండి అని చెయ్యి ఊపుతోంది, నేను తలుపు ముందు నిలబడి ఉన్నాను, ఎలా ఎక్కానో గుర్తులేదు.

"ఆ రోజు అందరూ మీ వైపే చూశారు. ఒక్క మాట ఎందుకనలేదు మీరు?"

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇప్పుడే. ఇక్కడే."

ఆవిడ టోపీ తీసింది. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది, టోపీ లేకపోతే ఒక్కసారిగా పెద్దదైపోయింది మనిషి. "ఏమనాలి?"

"తప్పు వాడిదని. మీరు చూశారు. ఆ మాటలన్నీ మోసింది మీరు. మీరు కాకపోతే ఎవరంటారు?"

"అంటే నువ్వు ఉండిపోయేదానివి," అంది. "నాకు తెలుసు నీ సంగతి. మా అత్తయ్య నా వైపుంది, నాకదే చాలని, ఇంకో పదేళ్ళు వాడి గుమ్మం దగ్గర కూర్చునేదానివి. కూర్చున్నావు కూడా అన్నాళ్ళు, నా కోసమే సగం."

నాకు మాటలు మరీ ఎక్కువ వచ్చేశాయి. అది తేల్చుకోవాల్సింది నేను కదా, మీరెవరు నా తరఫున తేల్చడానికి, మూడేళ్ళు నేను ఏమనుకున్నానో తెలుసా, తుడిచి పారేసిన గుడ్డ అనుకున్నాను నన్ను నేను, ఒక ఫోను చెయ్యలేకపోయారా, ఊరందరికీ ఫోన్లు కలిపారు కదా, నాకొక్క ఫోను కలపలేకపోయారా అని అరిచాను. అరిచాననే అనాలి, కింద దాకా వినబడి ఉంటుంది. ఎవరితోనూ అలా అరవలేదు నేను, ఆయనతో కూడా. అరవడానికి ఎదుటి మనిషి వింటున్నాడన్న నమ్మకం ఉండాలి.

"చెప్పాను నీకు," అంది ఆవిడ కూడా గొంతు పెంచి. "ఇస్త్రీ పిల్ల పెట్టె సర్దుకున్న రోజు చెప్పాను. వెళ్ళనీ, వెనక్కి తిరక్కుండా వెళ్ళనీ అన్నాను. నీ మొహం చూసే అన్నాను."

"సీరియల్లో పిల్ల గురించి అనుకున్నాను."

"సీరియల్లో పిల్లకి నేను చెబితే వినబడుతుందా?"

నేను ఆ మధ్యాహ్నాన్ని వెతుక్కున్నాను. పెట్టె గుర్తుంది, నీలం పెట్టె, చక్రం ఒకటి ఊడింది. నేను చదువుతున్నాను, తెర చూస్తూ చదువుతున్నాను, కింద అక్షరాలు పోతాయేమోనని కళ్ళు తిప్పలేదు. ఆవిడ ఎటు చూసిందో నేను చూడలేదు. అందరి కళ్ళూ పరీక్షించేదాన్ని. కోపం ఇంకా ఉంది, ఇంతకంటే సూటిగా చెప్పడం రాదా మనిషికి, ఇంత పెద్ద సంగతి సీరియల్లో చుట్టి ఇస్తారా ఎవరైనా అనుకుంటుంటే ఆవిడ గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినబడేలా అంది, "భయం కూడా వేసిందమ్మా. నువ్వు వెళ్ళిపోతావు, వాడు నాతోనూ మానేస్తే ఆ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలి? నీ కోసమే నోరు మూసుకున్నానని చెప్పుకుంటే నాకు బాగుంటుంది. కానీ అదొక్కటే కాదు. ఏది ముందు, ఏది తర్వాత అంటే నాకే తెలీదు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. నాకే ఉన్నాయి, తుడుచుకోడానికి ఏమీ లేదు, భుజానికి తుడుచుకున్నాను. అప్పుడు వినబడింది నిశ్శబ్దం. మెట్ల మీద ఒక్కరూ మాట్లాడ్డం లేదు. ఈలావిడ ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా ఉండిపోయింది, నల్ల కళ్ళజోడు నెత్తి మీదికి జరిపి చూస్తోంది. దిగిపోయారనుకున్న మా ముందు పిల్లలు దిగనే లేదు, పక్కన నిలబడి ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి, ఎవరు మొదలుపెట్టారో, కింద మలుపు దాకా పాకాయి. ఒక పిల్ల, ఉత్త ఫ్రేము పెట్టుకున్న పిల్ల, కళ్ళు ఎర్రగా చేసుకుని దగ్గరికొచ్చి తన ఫోను నా చెవి దగ్గర పెట్టింది. అందులోంచి ఒక మరగొంతు తెలుగులో, "మీ నటన మిక్కిలి సహజముగా ఉన్నది. పెద్దమ్మ గారు అసలు సీరియల్ కంటే బాగుగా చేసినారు. ధన్యవాదములు," అంది.

అత్తయ్య ఆ పిల్లకి ఎంతో హుందాగా తల వంచింది. నాకు నవ్వాలో ఫోను మెట్ల మీంచి విసిరేయాలో తెలీలేదు. ఈల మోగింది చివరికి, చిన్నగా, మొహమాటంగా. వెనక జంట ముందుకొచ్చేశారు, మేము పక్కకి జరిగాం, జరిగి రెండు మెట్లు దిగాక గుర్తొచ్చింది, ఫోటో తీసుకోలేదు. తలుపు ముందు ఇంతసేపు నిలబడి, దాని వైపు తిరిగి కూడా చూడలేదు ఇద్దరం. అత్తయ్యకి కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఒకసారి పైకి చూసి, టోపీ పెట్టేసుకుంది.

"పోనీలే. చూశాం కదా."

"చూడలేదు. పోట్లాడుకున్నాం."

క్యూ మెట్ల మలుపు దాటి, కింద వీధిలోకి, మూసిన షట్టర్ల ముందు నుంచి పోతోంది. పొద్దున మేము వచ్చినప్పటి కంటే పొడుగ్గా ఉంది. నా మెడ లాగుతోంది, అరికాళ్ళు మండుతున్నాయి, హోటల్లో నా మంచం, మంచం మీద తెల్ల దుప్పటీ కళ్ళ ముందు కనబడుతున్నాయి. నేను మెట్లు దిగి, షట్టర్లు దాటి, చివర నిలబడ్డ మనిషి వెనక నిలబడ్డాను. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. మోకాళ్ళు నొప్పే, దాచుకుంది ఇన్నాళ్ళూ, ఇప్పుడు దాచుకోవడం లేదు.

"మళ్ళీనా?" అంది, నన్ను చేరుకుని.

"మళ్ళీనే. నేను అనాల్సింది ఇంకా ఉంది."

"ఇంకానా?"

"చాలా ఉంది."

అత్తయ్య నా పక్కన వచ్చి నిలబడింది, మెళ్ళోంచి సీసా తీసి, మూత తిప్పి నా చేతికిచ్చింది. "అయితే ముందు కాసిని నీళ్ళు తాగు," అంది.